వెనక ఎడమ వాటా

మా అనసూయమ్మ ఎన్‌క్లేవ్‌లో మా ఇంటికి వాన, పక్షులు, గుంపులో వెనక వరసలో నిలబడ్డవాళ్ల గొణుగుడు వస్తాయి. మాటలు రావు. మాటలు మూడో అంతస్తులో తాళం వేసి ఉన్న ఫ్లాటుకి వెళ్తాయి. ఈ ఏర్పాటు న్యాయమైనదని మా అసోసియేషన్ సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది కాబట్టి నేను తప్పుపట్టడం లేదు. ఎలా వచ్చిందో మాత్రం చెబుతాను.

మొదలైంది మా ఇంటి కంప్యూటరుతో. మా వారు రాజారావు గారు కాలేజీలో కామర్స్ చెబుతారు. ఒక వేసవి సెలవుల్లో ఆయనకి సినిమా హాల్లో లాగా శబ్దం చుట్టూ తిరగాలన్న కోరిక పుట్టింది. ఒక నల్లపెట్టె, చిన్న స్పీకర్లు ఐదు, మోకాలెత్తు బేస్ డబ్బా ఒకటి వచ్చాయి. రెండు స్పీకర్లు వెనక ఉండాలట. గోడకి ఆనుకుని ఉన్న సోఫాకి వెనక ఏముంటుంది? అందుకని సోఫాని హాలు మధ్యకి లాగారు. అప్పటినుంచి నేను ఫ్రిజ్ తెరవాలంటే సోఫా ఎక్కి దిగాల్సి వచ్చింది.

కంప్యూటర్ని, నల్లపెట్టెని కలిపే తీగ చివర ఎర్రగా వెలుగుతుంది. అందులో శబ్దం వెలుతురులాగా పోతుందని, అవతలికి చేరాక మళ్లీ శబ్దం అవుతుందని ఆయన చెప్పారు. మా అత్తయ్య దాన్ని కాసేపు చూసి, "ఒరే రాజా, దీపం వెలిగించినట్టుంది గానీ పాట ఏదిరా?" అంది.

పాట లేదు. స్పీకర్లు రెండా ఆరా అని కంప్యూటరు అడిగితే ఈయన ఆరన్నారు. మామూలుగా పంపనా డిజిటల్‌గా పంపనా అని అడిగితే డిజిటల్‌గా అన్నారు. ఆ తర్వాత అది ఇంకేమీ అడగలేదు, ఏమీ పలకనూ లేదు. తీగ ఒక రంధ్రంలో గుచ్చి, నల్లపెట్టెని ఇంకో రంధ్రం వైపు వినమని చెప్పి, వారమంతా ఎదురుచూశారని చివరికి తేలింది. అది సరిచేయగానే హాల్లో కుండపోతగా వాన మొదలైంది. అత్తయ్య లేచి బాల్కనీలో ఎండబెట్టిన వడియాలు లోపలికి తెచ్చేసింది. మా వారి ముఖంలో అంత ఆనందం మా పెళ్లిలో కూడా చూడలేదు నేను.

ఆ ఆనందం ఎదురింటి నాగమల్లేశ్వరికి లేదు.

"అక్కా, మీ డబ్బా ధబ్ మన్నప్పుడల్లా మా స్టాండులో గ్లాసులు నడుస్తున్నాయి. నిన్న ఒకటి నడిచి కిందపడింది," అంది.

పైన 301లో ఉండే టీచరు వహీదా కూడా వచ్చింది. "మీ సినిమాలో ఎవరో తలుపు కొడుతుంటే మా తలుపనుకొని మూడుసార్లు తీశాను అక్కా. ఉత్తినే తీసి వేస్తే బాగుండదని ఆఖరుసారి చెత్త బకెట్టు బయట పెట్టాను."

ఇలా ఫిర్యాదు చేసిన ఇద్దరూ నెల తిరగకుండా సొంతంగా స్పీకర్లు కొనుక్కున్నారు. ఎదురుగా ఉన్నవాళ్లు శబ్దం చేస్తుంటే ఊరకే వినడం నామోషీ కదా. ఆ తర్వాత కింద 102లో ఉండే బ్యాంకు ఆఫీసరు ఎలీషా గారు కొన్నారు. సాయంత్రం ఏడున్నరకి మెట్లెక్కుతుంటే ఒక్కో అంతస్తులో ఒక్కో యుద్ధం.

అప్పుడు అసోసియేషన్ ప్రెసిడెంటు కోదండపాణి గారు సమావేశం పెట్టారు.

కోదండపాణి గారు 101లో ఉంటారు. నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన కాలువల్ని వదల్లేదు. మెట్లమీద నీళ్లొలికితే "ఎవరిదీ గండి?" అని అడుగుతారు. పార్కింగులో కుర్చీలు వేయించి, మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, తాను నిలబడి అన్నారు:

"సభ్యులారా, సమగ్రంగా పరిశీలించిన మీదట తేలిందేమంటే, శబ్దం కూడా నీటి లాంటిదే. ఎగువవాడు ఇష్టానుసారం వదిలితే దిగువవాడు మునుగుతాడు. ప్రస్తుతం మన భవనంలో ఎవరికి వారు శబ్దాన్ని ఉత్పత్తి చేసి విడుదల చేస్తున్నారు. నియంత్రణ లేదు. వంతులు లేవు. వృథా అపారంగా ఉంది. కావున ఒకే హెడ్‌వర్క్స్, ఒకే కాలువ, అందరికీ సమాన వాటా."

కాలువకి నీళ్లు వదిలే చోటుని హెడ్‌వర్క్స్ అంటారట; ఇక్కడ అది మా కంప్యూటరు. దాన్ని నల్లపెట్టెతో సహా లిఫ్టు పక్క గదిలో పెట్టాలన్నారు. అక్కణ్నుంచి బొమ్మ అన్ని టీవీలకీ వస్తుంది. శబ్దం మాత్రం వాటాల ప్రకారం పంచుతారు.

"ఆరు ఫ్లాట్లు," అన్నారు కోదండపాణి గారు. "రాజారావు గారి యంత్రం నుంచి ఎన్ని చానళ్లు వస్తాయి?"

"ఆరండీ," అన్నారు మా వారు.

"చూశారా. ఫ్లాటుకి ఒక చానలు. ఇంత శాస్త్రీయంగా కుదిరిన ప్రాజెక్టుని నా సర్వీసులో చూడలేదు."

మా వారు లేచారు. "సార్, అవి ఆరూ ఒకే గదిలో ఉండాలండీ. మధ్యలో మనిషి కూర్చుంటే, చుట్టూ..."

"ఒకే మనిషికి ఆరు వాటాలా?"

"వాటాలు కాదు సార్. ఒక స్పీకర్లో మాటలు, ఒకదాంట్లో వెనకనుంచి వచ్చే..."

"ఒకే పొలానికి ఆరు తూములు కావాలంటున్నారు," అన్నారు ప్రెసిడెంటు గారు మిగతావాళ్ల వైపు తిరిగి, చాలా బాధగా. "చదువుకున్నవారు."

అందరూ మా వారి వైపు చూశారు. నేను చీర కొంగు సర్దుకున్నాను. ఆయన కూర్చున్నారు.

సెక్రటరీ అయిన ఎలీషా గారికి ఒక సందేహం వచ్చింది. "సార్, ఆ తీగలో పోయేది వెలుతురట కదా. మరి దాన్ని లైటింగ్ కింద చూపాలా, సౌండ్ కింద చూపాలా?"

ప్రెసిడెంటు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "నల్లపెట్టె దాకా వెలుతురు, అది మీ పరిధి. పెట్టె దాటాక శబ్దం, అది నా పరిధి. పెట్టె లోపల ఏం జరుగుతుందో దానికి ప్రస్తుతానికి ఎవరూ బాధ్యులు కారు."

ఇంత స్పష్టంగా సరిహద్దులు గీశాక స్టీలు గిన్నెలో చీటీలు వేశారు. బేస్ డబ్బా ఒక్కదానికి మాత్రం చీటీ వద్దన్నారు. బరువు నైరుతిలో ఉండాలి, భవనానికి నైరుతి 101, కాబట్టి అది వాస్తు ప్రకారం ప్రెసిడెంటు గారిది. ముందు ఎడమ నాగమల్లేశ్వరికి, ముందు కుడి వహీదాకి, వెనక కుడి ఎలీషా గారికి వచ్చాయి. మాకు వెనక ఎడమ. మాటలన్నీ వచ్చే మధ్య చానలు 302కి వచ్చింది.

302 వాళ్లు బెంగుళూరులో ఉంటారు. ఇల్లు కొన్నాక గృహప్రవేశానికి వచ్చి పాలు పొంగించి తాళం వేసి వెళ్లిపోయారు. తాళం చెవి కూడా వాళ్ల దగ్గరే.

"సార్, అందులో ఎవరూ లేరు," అన్నారు ఎలీషా గారు.

"మనుషులు లేకపోతే హక్కు పోతుందా? పొలం బీడు పెట్టినంత మాత్రాన తూము మూసేస్తామా?" అన్నారు ప్రెసిడెంటు గారు. "కావాలంటే వాకిట్లోంచి తీగ తలుపు కిందగా లోపలికి తొయ్యండి. స్పీకరు పల్చగానే ఉంది కదా, అది కూడా పడుతుంది."

పట్టింది.

ఇంకో తీర్మానం కూడా చేశారు. అనధికార శబ్దం నిషేధం. టీవీల సొంత గొంతు నొక్కేయాలి. సెల్లులో చూడకూడదు. చెవుల్లో పెట్టుకునేవాటి సంగతేమిటని వహీదా అడిగితే, "అవి అక్రమ బోరుబావులు. కనపడకుండా తోడేస్తారు. వాటినసలు ఉపేక్షించం," అన్నారు. అతిక్రమిస్తే ఆ ఇంటికి నీళ్ల మోటారు వంతు ఆపుతారు. ఎండాకాలంలో ఆ మాట విన్నాక ఎవరికీ ఇంక సందేహాలు రాలేదు.

మా హాల్లోంచి సామాను పోయింది. సోఫా గోడకి చేరింది, నాకు ఫ్రిజ్ దక్కింది. అందుకు నేను లోలోపల సంతోషించాను కూడా. ఏడున్నర అయ్యేదాకా.

ఏడున్నరకి అత్తయ్య సీరియల్. జమీందారు ఇంట్లో ఇద్దరు మనవలు పెరుగుతారు, చరణ్, శరత్. పుట్టిన రోజే ఆస్పత్రిలో పిల్లలు తారుమారయ్యారు. అసలు వారసుడెవరో జమీందారిణి ఒక్కదానికే తెలుసు. ఆవిడ ఆరేళ్లుగా మంచంలో పడి ఉంది, చెప్పబోయినప్పుడల్లా దగ్గొస్తుంది. అత్తయ్య ఒక్క రోజు మానలేదు. కంటి ఆపరేషనయి కట్టు కట్టినప్పుడు కూడా టీవీ ముందు కూర్చుని విన్నది. ఆ సీరియల్ వాళ్లు కూడా ఈమధ్యే ఆన్‌లైన్లో ఆరు చానళ్ల శబ్దంతో వదలడం మొదలుపెట్టారు, మా ఖర్మ కొద్దీ.

కొత్త ఏర్పాటు మొదలైన సాయంత్రం తెరమీద ఇద్దరు మనవలూ నోళ్లు తెరిచి ఘోరంగా పోట్లాడుకుంటున్నారు. మా స్పీకర్లోంచి కోకిల కూసింది. తర్వాత ఎవరో దూరంగా గేటు వేశారు.

"అమ్మాయ్, ఏమంటున్నాడే వాడు?" అంది అత్తయ్య.

"తెలియదండీ."

"గేటెందుకు వేశారు?"

"అదీ తెలియదండీ."

అత్తయ్య అర్ధగంటా కూర్చుని కోకిలని విన్నది. అయిపోయాక, "అప్పుడు చూడకుండా విన్నాను, ఇప్పుడు వినకుండా చూస్తున్నాను. ఈ సీరియల్‌తో నాకు రాసిపెట్టింది ఇంతే కాబోలు," అని పడుకుంది. అన్నం తినలేదు.

మిగతావాళ్ల పరిస్థితీ అంతే. నాగమల్లేశ్వరికి సగం సంగీతం వస్తుంది, వహీదాకి మిగతా సగం. సీరియల్ కాగానే అందరూ మెట్లమీద చేరి ఎవరికేం వచ్చిందో చెప్పుకోవడం మొదలుపెట్టారు.

"మా దాంట్లో ఏదో పగిలింది," అనేది నాగమల్లేశ్వరి.

"అయితే అదేనేమో. మా దాంట్లో ఎవరో మెట్లు దిగిపోయారు," అనేది వహీదా.

"మాకు కప్పలు," అనేదాన్ని నేను.

ఎలీషా గారు నెమ్మదిగా, "మాకూ కప్పలేనండీ, కానీ కుడివైపువి," అనేవారు.

కోదండపాణి గారి ఇంట్లోకి వచ్చేది ధబ్ మన్న శబ్దం ఒక్కటే. ఎవరు చచ్చినా, ఎవరికి పెళ్లయినా ఆయనకి ధబ్. అయినా ఆయన తృప్తిగా ఉన్నారు. "పరిమాణం తక్కువైనా మాకు వచ్చేది నిఖార్సుగా వస్తోంది," అనేవారు.

అంతలో సీరియల్ ముగుస్తోందని ప్రకటన వచ్చింది. వచ్చే శుక్రవారం ఆఖరి భాగం. జమీందారిణి ఈసారి దగ్గకుండా చెప్పేస్తుందట. ఆ ప్రకటన కూడా మేము చదివి తెలుసుకున్నదే.

అత్తయ్యని తెనాలిలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి తీసుకెళ్తానన్నాను. మోకాళ్లు చూపించింది. "ఆరేళ్లు ఈ కుర్చీలో కూర్చుని ఎదురుచూసి, ఆఖరికి బస్సెక్కి పోయి ఎవరింట్లోనో వినమంటావా? నన్ను ఆ ప్రెసిడెంటు దగ్గరికి తీసుకుపో."

ఇద్దరం కిందికి దిగాం. కోదండపాణి గారు మమ్మల్ని కూర్చోమని, తానూ కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకున్నారు.

"అమ్మగారూ, మీ బాధ నేను అర్థం చేసుకోగలను. కానీ మీది వెనక ఎడమ ఆయకట్టు. మధ్య చానలు మీద మీకు హక్కు సంక్రమించదు."

"నాకు హక్కు వద్దు నాయనా. ఆ తాళం వేసిన తలుపు దగ్గర కుర్చీ వేసుకు కూర్చుంటాను. సందులోంచి వచ్చిందే వింటాను."

కోదండపాణి గారు ముందుకి వంగారు. ఆయన కళ్లలో నేనెన్నడూ చూడని వెలుగు.

"సీపేజీ," అన్నారు.

"ఏందండీ?" అన్నాను నేను.

"కాలువ గట్టులోంచి ఊరే నీరు. దానిమీద ఎవరికీ హక్కు లేదు. హక్కు లేదు కాబట్టి దాన్ని వాడుకోవడం అతిక్రమణా కాదు. ఇరవయ్యేళ్ల క్రితం ఇదే అంశం మీద నేనొక నోటు పెట్టాను, పై అధికారులు పట్టించుకోలేదు." ఆయన లేచి అటూ ఇటూ నడిచారు. "అయితే ఈ సంగతి తెలిస్తే భవనమంతా ఆ తలుపు దగ్గర చేరుతుంది. వసారా ఇరుకు. గండి పడుతుంది. కావున ఒక్కరినే నియమిస్తాం. కాలువ మీద తూముల దగ్గర ఉండి, నీళ్లు చూసి, వంతు ప్రకారం వదిలే మనిషిని లస్కరంటారు. అమ్మగారూ, మిమ్మల్ని మధ్య చానలుకి లస్కరుగా నియమిస్తున్నాను. మీరు విని, ఇంటింటికీ వెళ్లి సరఫరా చేయాలి."

"చేస్తాను నాయనా. వినపడితే చాలు," అంది అత్తయ్య.

ఇంటికొచ్చాక ఇస్త్రీ చీర తీసి పెట్టమంది.

శుక్రవారం ఏడింటికే మా వారు ప్లాస్టిక్ కుర్చీ పైకి మోశారు. నేను అత్తయ్యని చెయ్యి పట్టుకుని ఎక్కించి, మంచినీళ్ల సీసా పక్కన పెట్టాను. కోదండపాణి గారు తెల్లచొక్కా వేసుకుని కొబ్బరికాయతో వచ్చారు. లస్కరు తప్ప మిగతా సభ్యులంతా తమ తమ ఆయకట్టులోనే ఉండాలని చెప్పి మమ్మల్ని దింపేశారు. ప్రారంభోత్సవం చేయాలి కాబట్టి ఆయనొక్కరూ ఉన్నారు.

నేను కింద మా టీవీ ముందు కూర్చున్నాను. తెరమీద జమీందారిణి తల ఎత్తింది. మనవలిద్దరూ మంచానికి చెరోవైపు. ఆవిడ వేలెత్తింది, పెదవులు కదిలాయి. మా స్పీకర్లో పావురాలు రెక్కలు కొట్టుకున్నాయి. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. పావురాలూ చాలాసేపు కొట్టుకున్నాయి. తర్వాత తల వాలిపోయింది. కింద 101లోంచి ధబ్ మని వినపడింది.

నేను పైకి పరిగెత్తాను. అత్తయ్య కుర్చీలోంచి అప్పటికే లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"విన్నారా అత్తయ్యా?"

"పద. సరఫరా చెయ్యాలిగా," అంది.

ముందు 301. వహీదా తలుపు తీసి పట్టుకుని నిలబడింది. "చెప్పండి అమ్మమ్మా. ఎవరు? చరణ్ అని మాత్రం అనొద్దు, వాడికి పొగరు."

"శరత్తేనమ్మా. నీ శరత్తే వారసుడు. ఆవిడ పోతూపోతూ వాడి చేతిలో తాళాలు పెట్టింది."

వహీదా అత్తయ్య చేతులు పట్టుకుంది. లోపలికి పిలిచి ఖర్జూరాలు పెట్టింది.

తర్వాత నాగమల్లేశ్వరి. "పిన్నీ, చరణ్ కాకపోతే నేను ఈ రాత్రి నిద్రపోనండీ. చిన్నప్పటినుంచీ ఆ పిల్లాణ్ని అందరూ ఎట్టా ఏడిపించారో చూశాంగా."

"చరణే. ఇంకెవరనుకున్నావ్?" అంది అత్తయ్య.

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ మెట్ల వైపు చూసింది.

ఎలీషా గారింట్లో వారసులు ఇద్దరూ కారు. ఆస్తంతా అనాథ పిల్లల బడికి రాసిచ్చేశారు. ఎలీషా గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "అలా జరిగితే బాగుండునని మొదటినుంచీ ప్రార్థన చేస్తున్నానండీ," అన్నారు.

చివర 101. కోదండపాణి గారు అప్పటికే దిగొచ్చి వాకిట్లోనే ఎదురుచూస్తున్నారు. "నేను పైనే ఉన్నా, విధి నిర్వహణలో ఉండటం చేత వినే అవకాశం కలగలేదు. వారసుడెవరమ్మా?"

అత్తయ్య కాసేపు ఆయన్నే చూసింది. "ఇద్దరూ కారు నాయనా. మొదట్లో ఒక కాలవ ఇంజనీరు వచ్చేవాడు చూశావా, పొలాలకి నీళ్లిప్పించినవాడు? తర్వాత కథలోంచి తీసేశారు. వాడే అసలు మనవడట."

కోదండపాణి గారు గుమ్మం పట్టుకున్నారు. "నేనెప్పుడో అనుకున్నాను. పోస్టింగు కూడా ఇవ్వకుండా తీసేశారతన్ని."

మేము రెండో అంతస్తు చేరేసరికే మెట్ల మీద గొడవ మొదలైంది. శరత్తని పైనుంచి వహీదా, చరణని ఎదురింట్లోంచి నాగమల్లేశ్వరి, ఇద్దరూ కాదని కిందినుంచి ఎలీషా గారు. ప్రెసిడెంటు గారిని రమ్మన్నారు. ఆయన వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు.

"సభ్యులారా, ఆందోళన అనవసరం. ఫ్లాటు ఫ్లాటుకీ వేరువేరుగా అందడమే ఈ ప్రాజెక్టు ఉద్దేశం. అందరికీ ఒకటే వస్తే ఇంత ఖర్చు దేనికి? ఎవరి వాటా వారికి పూర్తిగా అందింది. లస్కరు గారికి అసోసియేషన్ తరఫున అభినందనలు."

అందరూ ఆలోచించారు. ఒక్కొక్కరూ తమకు వచ్చింది బాగానే ఉందనుకున్నట్టున్నారు. తలుపులు వేసుకున్నారు.

ఇంట్లోకి వచ్చి నేను గడియ పెట్టాను. మా వారు అన్నాలకి కంచాలు పెడుతున్నారు. అత్తయ్య తన కుర్చీలో కూలబడి మోకాళ్లు రుద్దుకుంటోంది.

"ఇప్పుడు నిజం చెప్పండి," అన్నాను. "ఆవిడ ఎవరి పేరు చెప్పింది?"

"నాకేం వినపడిందే. ఆవిడ నోరు విప్పే వేళకి ఈయన కొబ్బరికాయ కొట్టి ఉపన్యాసం అందుకున్నాడు. నీటి యాజమాన్యమని, దిగువ రైతులని. తలుపుకి చెవి ఆనించినా ఆయనే వినపడ్డాడు. ఆయన ఆపేటప్పటికి లోపల ఏడుపులు మొదలయ్యాయి."

"అయ్యో, ఆరేళ్లు చూశారు కదండీ."

"చూశాను," అంది అత్తయ్య. తర్వాత కుర్చీని నా వైపు జరుపుకుంది. కళ్లలో నీళ్లున్నాయా అని చూశాను. లేవు.

"సరే, అందరిళ్లకీ ఇచ్చాను, మనింటికే ఇంకా ఇవ్వలేదు," అంది. "నువ్వు కూడా ఆరేళ్లూ వంట మధ్యలో చూసినదానివేగా. ఎవరైతే బాగుంటుందే మనకి?"